హంతకురాలి చీర

డిటెక్టివ్ నవలలంటే మా బాపుకు ప్రాణం. పోచంపల్లిలో మగ్గం మీద ఎన్ని చీరలు నేశాడో, అంతకు రెట్టింపు పాకెట్ పుస్తకాలు నమిలేశాడు. వాటిలో ఒకదాన్ని టీవీలో సీరియల్‌గా తీశారని తెలిసి, వాడకట్టునంతా మా ఇంటికే పిలిచాడు.

పుస్తకంలో డిటెక్టివ్ సైకిల్ మీద వచ్చి, చాయ్ చల్లారేలోపు హంతకుణ్ణి పట్టేవాడు. టీవీలో ఆయనకు పెళ్లాం వదిలేసిన బాధ, నిద్రపట్టని జబ్బు, ఎప్పుడు చూసినా వాన. రెండు భాగాలు ఆయన అద్దంలో మొహం చూసుకోవడానికే సరిపోయాయి.

"శవం దొరికి వారమాయె, వీడింకా ఏడుస్తనే ఉన్నడు. పుస్తకంల గుమాస్తా చంపిండు" అన్నాడు బాపు.

"ఇప్పుడు హంతకుణ్ణి మారుస్తరు బాపూ, అదే ఫ్యాషన్" అని నేనే ఎక్కించాను.

మూడో భాగంలో హతుడి భార్య, "ఈ చీర మా అత్తగారు పోచంపల్లిలో దగ్గరుండి నేయించారు" అంటూ కళ్లొత్తుకుంది. గాలికి కొంగు తిరగబడింది. బాపు దిగ్గున లేచాడు. మేము నూలుకు ముందే రంగులద్ది నేస్తాం కాబట్టి, బట్టకు రెండు వైపులా ఒకటే రంగు. ఆ కొంగు వెనకవైపు వెలవెలబోతోంది. అది అచ్చు గుద్దిన చీర.

"అబద్ధమాడుతాంది! గిదే చంపింది. నా కన్ను తప్పయితే మగ్గం ముట్టనే ముట్ట" అన్నాడు అందరి ముందూ. అందరం నవ్వాం. అమ్మ మాత్రం నవ్వలేదు, ఆయన మాట సంగతి ఆమెకు తెలుసు.

ఆఖరి భాగంలో హంతకుడు తేలాడు: సాక్షాత్తూ డిటెక్టివే! చిన్నప్పటి మనోగాయమట.

మర్నాడు మా మగ్గం చప్పుడు వినబడలేదు.

"టీవీవాళ్లు చవక చీర కట్టిస్తే నీ కన్నుదేం తప్పయ్యా?" అని అమ్మ బతిమాలింది. బాపు మగ్గం దిక్కు పోనేలేదు. మూడు రోజులు గడిచాయి. ఎక్కించిన పాపం నాదే కదా, నాకు అన్నం సహించలేదు.

నాలుగోనాడు హైదరాబాద్ నుంచి ఒకామె వచ్చి, ఫోన్లో ఆ సీరియల్ చీరే చూపించింది. "ఇలాంటి ఒరిజినల్ కావాలండీ. మీవి ఇంత మెరవట్లేదు."

బాపు తను నేసిన చీర ఒకటి తెచ్చి పరిచాడు. "ఏది ముందు, ఏది ఎనుక, చెప్పమ్మా" అన్నాడు. ఆమె అటు తిప్పి, ఇటు తిప్పి, తేల్చుకోలేకపోయింది. ఆ ఫోన్లోని చీరలాంటిదే ఎక్కడ దొరుకుతుందో అడిగి వెళ్లిపోయింది.

బాపు చీర మడతపెట్టి నా వైపు చూశాడు.

"నా కన్ను తప్పు గాలే బిడ్డా, చంపేది గా చీరనే. సచ్చేటోళ్లం మనమని చూసుకోలే, గంతే."

వెళ్లి మగ్గంలో కూర్చున్నాడు.