లవార్ ఎక్కని సైకిలు

లవార్ స్టుబ్స్ సైకిలు ఎక్కడు. ఆయన గురించి ముందుగా చెప్పుకోవాల్సిన మాట ఇదొక్కటే. ఎక్కడం చేతకాని మనిషి ఎక్కకపోతే అందులో వింతేముంది? ఈయన మాత్రం తెల్లవారకముందే లేచి, మెత్త కుట్టిన సైకిలు లాగు తొడిగి, చేతులకు గ్లోవ్సు, మోకాళ్లకు చిప్పలు, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించి, డేరా ముందు మడతకుర్చీలో కూర్చుంటాడు. పొద్దు గూకాకే ఆ పట్టీ వదులవుతుంది. ఈ మధ్యలో హెల్మెట్‌తోనే గుడ్లట్టు తింటాడు, హెల్మెట్‌తోనే కునుకు తీస్తాడు. సైకిలేమో ట్రక్కు వెనక నీలం పట్టా కింద ఉంటుంది. మహా మంచి సైకిలని విన్నవాళ్లే గానీ చూసినవాళ్లు లేరు.

రాబందు మెట్ట మీద డేరాలు వేసుకోవడానికి ఇరవై రెండు జాగాలున్నాయి. సైకిలు బాటలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. మార్చి సగం నుంచి మే ఎండలు ముదిరేదాకా ఏడో నంబరు జాగా లవార్‌ది. పద్నాలుగు రోజులకు మించి ఎవరూ ఉండకూడదని బోర్డుంది. అందుకని పదిహేనో రోజు పొద్దున లవార్ డేరా పీకి, ట్రక్కులో వేసుకుని, తారురోడ్డు దాకా పోయి, అక్కడ తిప్పుకుని వచ్చి మళ్లీ అదే గుంటల్లో అవే మేకులు దిగ్గొడతాడు. రూలును అంతగా గౌరవించే మనిషి యూటా రాష్ట్రం మొత్తంలో ఇంకొకరు ఉండరు.

ఆ తిప్పుడు చూసీ చూడనట్టు ఊరుకునేది నడీన్. ఆ మకాముకు హోస్టు, అంటే బాగోగులు చూసే మనిషి, ఆవిడే. అది జీతం లేని ఉద్యోగమే అయినా మరుగుదొడ్ల తాళంచెవులు ఆవిడ నడుముకే వేలాడుతుంటాయి కాబట్టి అధికారానికి లోటు లేదు. రోజూ పొద్దున అట్టకు కాగితాలు బిగించుకుని జాగాలన్నీ చుట్టివస్తూ ఏడో నంబరు దగ్గర ఆగుతుంది.

"ఏమయ్యా లవార్, ఇవాళైనా బయల్దేరుతున్నావా?"

"బయల్దేరినట్టే హోస్టమ్మా. గాలి చూస్తున్నా. పడమటి గాలి. ఇందులో తొక్కామంటే దుమ్మంతా చైనులోకే."

మర్నాడు తూర్పుగాలి. "మా మేనమామ తూర్పుగాలి పట్టే మంచమెక్కాడు. మళ్లీ దిగలేదు."

ఆ మర్నాడు ఆకు కదలడం లేదు. "ఇవాళ గాలే లేదుగా?" అంది నడీన్.

"అదే నా భయం. ఎడారి ఇంత బుద్ధిగా ఉందంటే ఏదో మనసులో పెట్టుకుందన్నమాట."

గాలి మాట పాతబడితే మోకాలు, మోకాలు పాతబడితే రాత్రి తిన్న బీన్సు. ఒకరోజు బాట మధ్యలో తాబేలు కనిపించిందట, దాని పని అయ్యేదాకా ఆగడం మర్యాదట. పైగా ఎక్కకుండా కూర్చున్న మనిషి ఊరుకుంటాడా? వచ్చేపోయే ప్రతివాడికీ పాఠాలు. "ఆ మలుపులో ముందు బ్రేకు ముట్టుకోకు. బరువు వెనక్కి వెయ్. చూపు దూరంగా పెట్టు." ఉత్తరకుమారుడు కూడా ఇంత వివరంగా చెప్పి ఉండడు. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత అక్కడివాళ్లకు తెలియదు గానీ, తెలిస్తే ఏడో నంబరు జాగాకు బోర్డు రాసి పెట్టేవాళ్లే.

అయితే ఆయన దగ్గర ఒక పెట్టె ఉంది. దానికి మాత్రం అందరూ దణ్ణం పెట్టేవాళ్లు. ఆ నేల నిండా పల్లేరుకాయలు, బాటల నిండా బండలు. ప్రతిరోజూ ఎవరో ఒకరు సైకిలు మోసుకుని కుంటుకుంటూ వస్తారు. సైకిళ్ల దుకాణం నలభై మైళ్ల దూరాన ఉంది. ఆదివారం మూత, సోమవారం ఆదివారపు అలసట. బ్రాన్సన్ అనే ప్లంబరు, ఏనుగంత మనిషి, ఒకనాడు పెడల్ రెండు ముక్కలు చేసుకుని వచ్చాడు.

"ఉండు బాబూ, నా పాత సామాన్ల పెట్టెలో ఏదో పడి ఉన్నట్టుంది" అని లవార్ ట్రక్కు వెనక్కి వెళ్లాడు. కాసేపు ఇనుము మోత, రెండు తిట్లు. పెడల్ తీసుకొచ్చి లాగుకు తుడిచి ఇచ్చాడు.

"కొత్తదిలా ఉందే పెద్దాయనా?"

"కొత్తదా నా మొహమా! ఎప్పుడో పారెయ్యాల్సింది. నువ్వు పట్టుకుపోతే నా ట్రక్కుకు బరువు తగ్గుతుంది."

డార్సీ అనే నర్సమ్మకు చైను తెగితే ఆ పెట్టెలోంచే చైను వచ్చింది. ఒకాయనకు సీటు, ఇంకొకావిడకు ముందు చక్రం. అక్షయపాత్రలో అన్నం అయిపోవచ్చేమో గానీ ఆ పెట్టెలో సామాను మాత్రం అయిపోలేదు.

ఇక నడీన్ సంగతి. ఎర్రంచు బాట పదిహేడు మైళ్ల చుట్టు. ఆరేళ్లుగా దాని పటం కొన్ని వేలమందికి పంచిపెట్టింది ఆవిడ. తొమ్మిదో మైలు దగ్గర ఒక రాతి మెట్టు ఉంది, పేరు అత్తగారి గడప. ఎత్తు మోకాలి దాకానే. కుర్రాళ్లు కబుర్లు చెప్పుకుంటూ తొక్కుకుపోతారు. నడీన్ మాత్రం అక్కడికి రాగానే సైకిలు దిగి, దాన్ని చేత్తో దింపి, మళ్లీ ఎక్కుతుంది. ఎవరూ ఏమీ అనరు. ఆ ఎవరూ ఏమీ అనకపోవడమే ఆవిడకు ఆరేళ్లుగా ముల్లులా గుచ్చుకుంటోంది.

రెండేళ్ల కింద ఒక సాయంత్రం ఇనపకుండలో పీచుపళ్లతో కాబ్లర్ అనే తీపి వంటకం ఉడికించి పెడితే, మూడో గిన్నె తింటూ లవార్ మాటిచ్చాడు. "నీ అరవయ్యో పుట్టినరోజుకు మనిద్దరం పోదాం హోస్టమ్మా. నేను ముందు తొక్కుకుంటూ దిగి చూపిస్తా. నా వెనకే వచ్చెయ్."

ఆ పుట్టినరోజు ఈ ఏప్రిల్‌లో, శనివారం పడింది. జూన్‌లో నడీన్ మోకాలు మారుస్తారు. ఆ తర్వాత చదును రోడ్లే తప్ప బండల జోలికి పోవద్దని డాక్టరు చెప్పేశాడు. అంటే అత్తగారి గడప ఇప్పుడు దిగాలి, లేదా ఈ జన్మకు లేదు.

గురువారం పొద్దున ఏడో నంబరు దగ్గర ఆగింది. "శనివారం ఆరింటికి బయల్దేరదాం. ఎండ ఎక్కకముందే."

లవార్ హెల్మెట్ పట్టీ వదులు చేసి మళ్లీ బిగించాడు. "శనివారమా... మబ్బు పట్టేట్టుంది. వచ్చే ఏడాదైతే నిదానంగా..."

"వచ్చే ఏడాది నాకు ప్లాస్టిక్ మోకాలు ఉంటుందయ్యా! ఎన్నిసార్లు చెప్పాలి?"

"డార్సీని తీసుకుపో. బాగా తొక్కుతుంది. నేనే నేర్పా."

"నువ్వు నేర్పావా?" నడీన్‌కు ఒళ్లు మండింది. "అసలు నీకు సైకిలు తొక్కడం వస్తే కదా! ఊరందరికీ తెలుసు, నేనే పిచ్చిదాన్ని, నమ్మా. రాదని ఒప్పుకో, పీడాపోతుంది."

పక్క జాగాలో కాఫీ తాగుతున్న బ్రాన్సన్ కప్పులోకి చూశాడు.

"రాదనే అనుకో హోస్టమ్మా" అన్నాడు లవార్.

ఎదురు తిరిగి నాలుగు మాటలన్నా బాగుండేది. నడీన్ ఆ రోజంతా మరుగుదొడ్లు రెండేసిసార్లు కడిగింది. కోపం వస్తే ఆవిడకు అదొక్కటే మందు.

శుక్రవారం మధ్యాహ్నం గాలి లేచింది. పడమటి గాలో తూర్పుగాలో చెప్పడానికి లేదు, నాలుగు దిక్కుల నుంచీ ఒకేసారి వచ్చింది. డేరాలు ఎగిరెగిరి పడ్డాయి. అందరూ తమ తమ గుడ్డలు పట్టుకుని వేలాడుతుంటే లవార్ తన డేరా వదిలేసి డార్సీ డేరా కర్ర పట్టుకుని నిలబడ్డాడు. నడీన్ మేకులు దిగ్గొడుతూ ఏడో నంబరుకు వచ్చింది. సరిగ్గా అప్పుడే నీలం పట్టా తాళ్లు తెంచుకుని లేచి, ఎదురుగా ఉన్న జూనిపర్ చెట్టుకు చుట్టుకుంది. ఇన్నేళ్లూ లవార్ గాలి మీద వేసిన నిందలన్నిటికీ గాలి ఒక్కసారే బదులు తీర్చుకుంది.

పట్టా కింద సైకిలు లేదు. సైకిలు ఎముకలున్నాయి. చైను లేదు, సీటు లేదు, పెడళ్లు లేవు, హ్యాండిల్ సగమే ఉంది. చక్రాలుండాల్సిన చోట రెండు నీళ్ల డబ్బాలు ఆసరాగా పెట్టి ఉన్నాయి. పక్కనే పాత సామాన్ల పెట్టె మూత తెరుచుకుని కొట్టుకుంటోంది. నడీన్ తొంగి చూసింది. నాలుగు బీన్సు డబ్బాలు, చేపల గాలం, ఒక ఉన్ని మేజోడు. ఇనుమన్నది ఒక్క బోల్టు కూడా లేదు.

గాలి తగ్గాక లవార్ వచ్చాడు. ఆవిడను చూశాడు, ఎముకలను చూశాడు, కుర్చీ కోసం వెతుక్కున్నాడు. కుర్చీ కూడా ఎగిరిపోయింది.

"మార్చిలో నిండుగానే తెస్తా హోస్టమ్మా" అన్నాడు తప్పు చేసినవాడిలా. "చలికాలమంతా కూర్చుని బిగిస్తా. ఏప్రిల్‌కల్లా ఇట్లా అవుతుంది."

"ఈ పెట్టెలో ఏమీ లేదు కదయ్యా!"

"బీన్సుంది."

"ఎందుకు చెప్పలేదు? నిన్న నేను అన్ని మాటలంటుంటే నోట్లో ఏం పెట్టుకున్నావు?"

లవార్ నెత్తి గోక్కోబోయాడు. చేతికి హెల్మెట్ తగిలింది. "మొదట్లో ఒకాయనకు నా సైకిలు చక్రం విప్పి ఇవ్వబోయా. 'నీదెలా తీసుకుంటానండీ' అని పదకొండు మైళ్లు ఆ ఎండలో నడిచాడు. కాళ్లు బొబ్బలెక్కిపోయాయి. మనుషులు ఒకడి సైకిలు విప్పి తీసుకోరమ్మా. పాత పెట్టెలోదంటే తీసుకుంటారు."

నడీన్‌కు అనుమానం వచ్చింది. "నా సైకిలు వెనక బ్రేకు?"

"అది మొదటి ఏడాదిది. బాగా పట్టుకుంటోందా?"

ఆవిడకు సిగ్గేసింది. ఇన్నేళ్లు ఏ బ్రేకు నమ్ముకుని కొండలు దిగిందో అది ఇచ్చినవాణ్ణే అబద్ధాలకోరని నలుగురిలో అంది. ఏడుపు వచ్చింది, దాన్ని మింగడానికి గట్టిగా ముక్కు చీదింది. తర్వాత అట్ట తీసుకుని మకాం నడిమధ్యకు నడిచి, మరుగుదొడ్డికి తాళం వేసేటప్పుడు వాడే గొంతుతో అరిచింది.

"ఈ నెలలో ఏడో నంబరు పెట్టెలోంచి ఏమన్నా తీసుకున్నవాళ్లు లేచి నిలబడండి!"

ఏడుగురు లేచారు. విషయం చెప్పేసరికి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బ్రాన్సన్ తన సైకిలు పెడల్ విప్పడానికి పానా కోసం వెళ్లాడు. "ఒరేయ్, అది వద్దు, నీకు పొద్దున్న తొక్కాల్సి ఉంది కదా" అని లవార్ వెంటపడ్డాడు గానీ ఆయన మాట ఎవరు వింటారు? పొద్దుగూకేలోపు నీళ్ల డబ్బాల మీది ఎముకలకు కండ పట్టింది. ఏది ఎవరిదో తెలియని రంగులతో, ఎర్ర చక్రం ఒకటి, పచ్చ చక్రం ఒకటి, నిఖార్సయిన అతుకులబొంత తయారైంది.

శనివారం ఆరింటికి మకాం ముందు ఏడుగురు, నెత్తిన హెల్మెట్లు పెట్టుకుని, ఏడు మడతకుర్చీల్లో వరుసగా కూర్చున్నారు. వాళ్ల సైకిళ్లలో ఒక్కటీ కదిలే స్థితిలో లేదు.

"ఏమ్మా డార్సీ, ఇవాళ తొక్కడం లేదా?" అన్నాడు లవార్.

"గాలి చూస్తున్నా పెద్దాయనా. ఎందుకో నాకు నమ్మకం కలగడం లేదు."

ఇప్పుడొక నిజం చెప్పుకోవాలి. లవార్ గొప్పగా తొక్కుతాడని ఎవరన్నా ఆశపెట్టుకుని ఉంటే క్షమించాలి. మొదటి మైలులోనే మూడుసార్లు ఇసుకలో పడ్డాడు. పడ్డ ప్రతిసారీ ఇక్కడ ఇలా పడకూడదని నడీన్‌కు వివరంగా చెప్పాడు. ఎలాగైతేనేం, పది దాటేసరికి అత్తగారి గడపకు చేరారు. ఆయన అంచున ఒక కాలు ఆనించి కిందికి చూస్తూ నిలబడ్డాడు.

"ముందు చక్రం మెల్లగా వదలాలి. మోకాళ్లు వంచాలి..."

"చెప్పింది చాలు, దిగి చూపించు."

"చూపిస్తా. తొందరేముంది."

ఐదు నిమిషాలయింది. నడీన్ చెమట తుడుచుకుంది. "నిజం చెప్పు లవార్. దీన్ని ఎప్పుడన్నా తొక్కుకుంటూ దిగావా?"

"పన్నెండేళ్ల కింద. రెండు పళ్లు ఊడాయి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు ఇంతదూరం వస్తావా?"

"నీ పళ్లు కాల! జరుగు పక్కకి!"

ఆ కోపంలో నడీన్ పెడల్ తొక్కింది. బరువు వెనక్కి వేసింది, చూపు దూరంగా పెట్టింది. ఇవన్నీ చేస్తున్నానని కూడా ఆవిడకు తెలియదు. చక్రం కింద రాయి మాయమైంది, దబ్బున చప్పుడైంది, వెనక బ్రేకు పట్టుకుంది, సైకిలు నిలబడింది. సైకిలు మీద ఆవిడ నిలబడింది. వెనక్కి తిరిగి చూస్తే గడప పైన ఉంది.

"దిగేశాను!" అని ఎడారి దద్దరిల్లేలా అరిచింది. "లవార్! దిగేశానయ్యా!"

ఆయన పైనుంచి ఆవిడ వంక చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వులో హ్యాండిల్ మాట మరిచిపోయాడు. ముందు చక్రం తనంతట తనే అంచు దాటింది. అతుకులబొంత ఒక పక్కకు, ఆయన ఒక పక్కకు, ఇద్దరూ మెత్తటి ఇసుకలో పడ్డారు.

నడీన్ కుంటుకుంటూ పరుగెత్తింది. "లవార్! దెబ్బ తగిలిందా? పలుకు!"

ఇసుకలోంచి హెల్మెట్ లేచింది. "డార్సీ చైను తెగిందేమో చూడు."

"తెగలేదు."

"బ్రాన్సన్ పెడల్?"

"గట్టిగానే ఉంది."

"అయితే నాకేం కాలేదు" అని లవార్ వెల్లకిలా పడుకున్నాడు.