గులాబ్ బీ ముడులు

వరంగల్ చౌరస్తా దగ్గర మా సందులో గులాబ్ బీ గాజుల దుకాణం ఉండేది. చిన్నప్పుడే మశూచి వచ్చి ఆమెకు రెండు కళ్లూ పోయాయి. అయినా చెయ్యి పట్టుకుని ఒత్తి చూసిందంటే ఏ సైజు పడుతుందో చెప్పేసేది. ఒక్క గాజు కూడా పగలకుండా తొడిగేది. ఆమె చేతనే తొడిగించుకోవాలని ములుగు నుంచి కూడా వచ్చేవారు.

మరి రంగులు? గాజులు గుచ్చిన ప్రతి కర్రకూ ముందువైపు ఒక జనపనార దారం వేలాడేది. ఒక ముడి ఉంటే పచ్చవి, రెండుంటే ఎర్రవి, మూడుంటే నల్లవి. కళ్లున్నవాళ్లకు మాత్రం అవి ఉత్త చెత్త దారాలు.

డెబ్బై ఎనిమిదిలో కోడలు తాహెరా బేగం వచ్చింది. చురుకైన పిల్ల. కూతురి కాన్పుకని అత్త మరిపెడ పోయినప్పుడు దుకాణానికి రంగు వేయించి, అద్దాలు పెట్టించి, ఆ దారాలన్నీ కోసి పారేసింది. దుకాణం తళతళలాడుతుంటే సందంతా మెచ్చుకుంది. ఏ కర్ర ఎక్కడుందో అత్తకు నోటితో చెబితే చాలనుకుంది పాపం. సరుకు అమ్ముడుపోయిన కొద్దీ కర్రలు మారుతుంటాయని తట్టలేదు.

అత్త తిరిగొచ్చిన వారంలోనే మొగిలమ్మ తన పెద్దకూతురి సీమంతానికి పచ్చ గాజులు కావాలని వచ్చింది. గులాబ్ బీ తడిమి తడిమి నల్లవి తీసి ఆ కడుపుతో ఉన్న పిల్లకు తొడగబోయింది. మొగిలమ్మ కూతురి చెయ్యి లాక్కుని, గుడ్డిదాన్ని దుకాణంలో ఎందుకు కూర్చోబెట్టారని నానా మాటలూ అని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. మర్నాటి నుంచి గులాబ్ బీ ఇల్లు కదల్లేదు. ఇక నా పని అయిపోయిందని మూలన కూర్చుంది.

తాహెరా ఏడ్చింది. దుకాణం ఎట్లా కనిపించినా సరే, దారాలు మళ్లీ ముందువైపే కడతానంది. గులాబ్ బీ వద్దంది.

"చూసేటోళ్లకు కనబడొద్దంటే దాసిపెట్టు బిడ్డా. నాకు లేకుంట తీసెయ్యకు."

తాహెరా ప్రతి కర్రకూ వెనకాల, గోడవైపు, సన్నని దారం చుట్టి ముడులు వేసింది. ముందు నిలబడ్డవాళ్లకు గాజులే కనిపిస్తాయి. వేలు వెనక్కి పోతే రంగు తెలుస్తుంది. కొత్త కర్ర పెట్టినప్పుడల్లా ముందు ముడులు, ఆ తర్వాతే గాజులు. గులాబ్ బీ మళ్లీ తన పీట మీదికి వచ్చింది.

తర్వాత కొన్నేళ్లకు మొగిలమ్మ చిన్నకూతురిని తీసుకుని వచ్చింది. వేరే దుకాణాల్లో తొడిగేటప్పుడే గాజులు పగులుతున్నాయట, అది మంచి శకునం కాదట. పచ్చవి కావాలని అడిగి, ఏమిస్తుందోనని కళ్లార్పకుండా చూసింది. గులాబ్ బీ చెయ్యి ఒక కర్ర వెనక్కి పోయి, కాస్త ఆగి, పచ్చవే తెచ్చింది. ఒక్కటీ పగలకుండా తొడిగింది.

"కండ్లు బాగైనయా అక్కా?" అని మొగిలమ్మ మెల్లగా అడిగింది.

"బాగైనయి చెల్లె," అంది గులాబ్ బీ. "మా కోడలు బాగుచేసింది."