గొర్రె తాగిన నీళ్లు

కొండ మీద ముప్పయ్యేళ్లుగా గొర్రెలు మేపుతున్న ఆ పెద్దమ్మను అందరూ సీమటపాకాయ అంటారు. ఆమె అరిస్తే గొర్రెలు కూడా మేత మానేసి చూస్తాయని నవ్వుకుంటారు. ఆ రోజు మాంసం తనిఖీ ఆఫీసులో మాత్రం ఎవరూ నవ్వలేదు.

"మీ మాంసం ఈ కొండది కాదని ఐసోటోపు పరీక్షలో తేలింది, పెద్దమ్మా. ఇకమీదట కొండ మాంసమన్న ముద్ర వేయడానికి వీల్లేదు," అన్నాడు అధికారి, ల్యాబు ఇచ్చిన కాగితాన్ని బల్ల మీద ఆమె ముందుకు జరుపుతూ.

"కొండది కాకపోతే ఆకాశం నుంచి ఊడిపడిందా? ఆ గొర్రె పుట్టింది నా చేతుల్లో, దాని తల్లి పుట్టిందీ నా చేతుల్లోనే!"

అధికారి ఓపిగ్గానే చెప్పాడు. నీళ్లలోని ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువుల్లో కొన్ని బరువైనవి, కొన్ని తేలికైనవి. వాటి పాళ్లు చోటును బట్టి మారతాయి. జంతువు తాగిన నీటి గుర్తు దాని కండలో ఉండిపోతుంది. ఈ గొర్రెల కండలో ఉన్నది ఎక్కడో దూరాన పారే నది గుర్తు.

పెద్దమ్మ ముఖం జేవురించింది.

"ఊటల పక్కనే క్వారీకి అనుమతిచ్చింది మీ సర్కారోళ్లే. ఊటలెండిపోతే మూడేళ్లుగా ట్యాంకర్లో నది నీళ్లు పంపుతున్నదీ మీరే. ఇప్పుడు నా గొర్రె పరాయిదంటారా?"

ఆమె కొప్పు విప్పింది. బల్ల మీది కత్తెర అందుకుని ఓ పాయ కత్తిరించి, ఆ కాగితం మీదే పడేసింది.

"దీన్నీ ల్యాబుకు పంపండి. నేనూ ఆ నీళ్లే తాగుతున్నాను. నేనెక్కడిదాన్నో కూడా వాళ్లనే తేల్చమనండి!"