యాడ్లు రాని బ్రౌజర్లో ఆవకాయ

ఉత్తరాదిలో, హిందీ మాట్లాడే సిల్తారాలోని మా ఆఫీసులో నా పక్క సీటు వర్మాజీ ఈ రోజు పొద్దున నా కంప్యూటర్లో యాడ్లు రాని కొత్త బ్రౌజర్ వేశాడు. పాతదాంట్లో, కొత్తదాంట్లో ఒకే వార్తల పేజీ తెరిచి చూపించాడు. పాతదాంట్లో ఇనుప చువ్వల ప్రకటనల మధ్య వార్తను వెతుక్కోవాలి. కొత్తదాంట్లో వార్త తప్ప ఏమీ లేదు.

"ఇంత మంచిది ఊరికే ఎందుకిస్తున్నారు?" అని హిందీలో అడిగాను.

"రావ్‌జీ, మీకు ప్రతిదాని మీదా అనుమానమే," అన్నాడు.

సాయంత్రం కొత్త ట్యాబ్ తెరిస్తే ఆవకాయ ప్రకటన, అచ్చ తెలుగులో. నేను ఆ బ్రౌజర్లో ఒక్క తెలుగు అక్షరం కూడా కొట్టలేదు.

"అది బ్రౌజర్ వాళ్ల సొంత యాడ్. లెక్కలోకి రాదు," అన్నాడు వర్మాజీ. "ఇంతకీ ఇది మీ తమిళమేనా?"

పదకొండేళ్లుగా పక్కన కూర్చున్నవాడికి తెలియంది, పొద్దున వచ్చినదానికి ఎలా తెలిసింది? ఇది చదువుతున్న మీలో ఎవరు చెప్పారు?