జీలకర్ర నీళ్ళు

కోలారు బంగారు గనులు మూతపడిన నాలుగో ఏడు, ఈస్టరు ముందు తపస్కాలంలో రెండో శుక్రవారం, మధ్యాహ్నం రెండుంబావు. మా గని కూలీల లైనిళ్ళలో పక్కింటామె కోడలికి నెలలు నిండకుండానే ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడవలేదు. పెదవులు నీలంగా మారుతున్నాయి. తండ్రి వ్యాను కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు.

"అక్కా, ఫాదరొచ్చే దాకా నిలిచేటట్టు లేదు. నువ్వే జ్ఞానస్నానం ఇచ్చేయి," అంది పక్కింటామె.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా ఇవ్వవచ్చు. ముప్పై ఒక్క ఏళ్ళు గుడిలో పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పినదాన్ని, ఆ నియమం నాకు కంఠతా. మంచం పక్కనున్న చెంబు అందుకుని, మాటలు పలుకుతూ పిల్ల తలమీద మూడుసార్లు పోశాను. తల్లినీ బిడ్డనూ ఎక్కించుకుని వ్యాను కోలారు ఆసుపత్రికి కదలగానే నోటుపుస్తకంలో గంట, నిమిషం, నా పేరు రాసి కింద గీత గీశాను.

బాలింత బట్టలు మూటగడుతూ పక్కింటామె చెంబులోకి చూసింది.

"కోడలికని జీలకర్ర నీళ్ళు కాచి పెట్టినాను. సగమే ఉండాయి. ఎవురు తాగినారు?"

నా చేయి వాసన చూసుకున్నాను.

జ్ఞానస్నానానికి నీళ్ళు నీళ్ళుగానే ఉండాలి. పాలు, గంజి, కషాయం పనికిరావని ఏటేటా పిల్లలచేత అప్పజెప్పించింది నేనే. జీలకర్ర కాచినవి నీళ్ళో కషాయమో నాకు తేలలేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. పుస్తకంలో సిరా కూడా ఆరిపోయింది.

ఆసుపత్రికి వెళ్ళే బస్సులో పక్కింటామెకు చెప్పేశాను.

"దేవుడికి జీలకర్ర ఒక లెక్కా అక్కా?"

"ఆయనకు తెలుసు. నాకు తెలీలేదు. అదే కష్టం."

"ఒక్క మాట తప్పితే మా పిల్లోళ్ళని గోడకు నిలబెడతా ఉంటివి," అని ఆమె కిటికీ వైపు తిరిగింది. బంగారుపేట రైలు గేటు దగ్గర బస్సు పదకొండు నిమిషాలు ఆగింది.

పిల్లను అద్దాల పెట్టెలో పెట్టారు. మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వాలి, తలమీద నీళ్ళు పోయాలి అంటే, తలుపు దగ్గర నర్సు, క్యాసంబళ్ళి ఊరి అమ్మాయి, నన్ను ఆపింది.

"లోపలికి ఎవురూ రాకూడదవ్వా. కావాలంటే నేను నాలుగు చుక్కలు పోస్తాను. నువ్వు ఈడ నిలబడి మంత్రం చెప్పు."

"అట్ల కుదరదమ్మా. పోసే చెయ్యి, చెప్పే నోరు ఒకరివే కావాల."

"నేను గంగమ్మకు మొక్కేదాన్ని. నేను చెప్తే చెల్లుతుందా?"

"చెల్లుతుంది. శ్రీసభ, అంటే మా గుడి, చేసేదే నేనూ చేస్తాండానని మనసులో అనుకో. చాలు."

ఈ నియమమూ నేను చెప్పిందే. పిల్లలు నమ్మక నవ్వితే కసిరేదాన్ని.

ఒకసారి చెల్లి ఉంటే మళ్ళీ ఇవ్వకూడదు గనక, షరతు పెట్టిన మాటలు నేర్పాను. "నీకు ఇదివరకు జ్ఞానస్నానం అయి ఉండకపోతే, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను." మొదటిసారి ఆమె పుత్రుణ్ణి వదిలేసింది. రెండోసారి సరిగ్గా చెప్పింది. మూడోసారి చెప్పించబోతుంటే లోపల మెషిను కూసింది. ఆమె వెళ్ళిపోయింది.

తలుపు అద్దంలోంచి చూశాను. ఆమె గొట్టం సరిచేసింది. చిన్న సీసా విరిచి శుద్ధమైన నీళ్ళు సిరంజిలోకి లాగి, గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టింది. పెట్టె కిటికీలోంచి చేయి పెట్టింది. నీళ్ళు పిల్ల తలమీద పడి చెవి వైపు జారాయి. నేను ఆమె పెదవులనే చూస్తున్నాను. పిత. పుత్ర. పవిత్రాత్మ.

"పుత్రుణ్ణి మరిచిపోలేదవ్వా," అంది బయటికొచ్చి.

"చూసినాను."

అయిదూ ముప్పై ఎనిమిది. మొదట రాసినదాన్ని చదవడానికి వీలుగా ఒక్క గీతతో కొట్టేసి, కింద రాశాను. నీళ్ళు: మంచివి. ఇచ్చినది: క్యాసంబళ్ళి నర్సు.

ఇరవై మూడు రోజుల తర్వాత పిల్ల ఇంటికొచ్చింది. గుడి రిజిస్టరు తెరిచి, జ్ఞానస్నానం ఎవరిచ్చారని ఫాదర్ అడిగారు. నా నోటుపుస్తకంలో కొట్టేసిన వాక్యం మీద వేలు పెట్టి, ముందు జీలకర్ర సంగతి చెప్పాను.