మిషన్ తొక్కితే నవ్వే బొమ్మ

మా పెద్దమ్మకి పగబట్టడం చేతనవునని చాలాకాలం ఎవరికీ తెలియదు. బహుశా ఆవిడకీ తెలియదు.

పెద్దమ్మంటే మా అమ్మకి స్వయానా అక్క. పొడగరి మనిషి. ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది. నలుగురిలో మాట్లాడాల్సి వస్తే మాట గొంతులోనే పట్టేస్తుంది. మరీ ముఖ్యంగా పెదవులు కలిసే అక్షరాల దగ్గర. మాతో ఉన్నప్పుడు గలగలా మాట్లాడేది గానీ, గుమ్మం దాటితే సగం మాటలు చేత్తోనే చెప్పేది.

పెదనాన్న దర్జీ. బజారు మలుపులో దుకాణం. ఆయన కత్తిరించిన ప్యాంటుకి వంకపెట్టినవాళ్ళు లేరు, ఆయన చెప్పిన కబురుకి నవ్వనివాళ్ళూ లేరు. పక్కన మందుల షాపాయన, రిటైరైన పోస్టుమాన్, ఎదురుగా ఉన్న సెలూన్ ఆయన, ఈ ముగ్గురూ పనిలేనప్పుడల్లా దుకాణంలోని చెక్కబల్ల మీదే ఉండేవాళ్ళు. పెదనాన్న మిషన్ తొక్కుతూ వాళ్ళని నవ్వించేవాడు. నవ్వించడానికి ఆయనకి దొరికిన సరుకు పెద్దమ్మే. ఆవిడ కాలీడ్చుకుంటూ నడవడం, పాలవాణ్ణి పిలవబోయి "పా... పా..." అంటూ ఆగిపోవడం, ఆవిడ గురక, అన్నీ చేసి చూపించేవాడు. ఆవిడ ఎదురుగా ఉన్నా ఆపేవాడు కాదు. ఆవిడ ముఖం మాడితే, "సరదాకన్నానే! దానికే ఉడుక్కోవాలా?" అనేవాడు. అప్పుడు బల్ల మీద నవ్వు ఇంకోసారి పేలేది.

పెద్దమ్మ కుక్కిన పేనులా ఉండేది. ఆవిడ లోకం వేరే. దుకాణం ఊడ్చి తెచ్చిన పీలికలు, ఖాళీ దారపు రీళ్ళు, విరిగిన గుండీలు, సోడా మూతలు, గొడుగు ఊచలు, ఇవన్నీ వంటింటి అరమీద పాత డబ్బాల్లో ఉండేవి. తీరిక దొరికితే వాటితో బొమ్మలు చేసేది. అరిగిపోయిన టూత్ బ్రష్‌కి రెండు గుండీలు కుడితే ముళ్ళపంది. తెగిన మేజోడుతో ఏనుగు, దాని చెవులు పాత కోటు జేబులు. సోడా మూతలు తీగకి గుచ్చి పాముని చేస్తే, అది మెట్లమీద నుంచి దానంతటదే గణగణమంటూ దిగేది. దుకాణం అద్దం వెనక వాటిని పేర్చడానికి పెదనాన్న అడ్డు చెప్పలేదు. బొమ్మల కోసం పిల్లలు ఆగుతారు, పిల్లల వెనక తల్లులు ఆగుతారు అని ఆయన లెక్క. "మా ఆవిడ చెత్తకి ప్రాణం పోస్తుంది, నా ప్రాణం తోడేస్తుంది" అని దానిమీదా ఒక జోకు వేశాడు.

అలా ఉండగా మా అమ్మమ్మ పోయింది.

కబురు ఫోన్లో వచ్చింది. ఆ వేళకి పెద్దమ్మ, పెదనాన్న ఇద్దరే ఇంట్లో ఉన్నారు. ఫోన్ పట్టుకున్న పెద్దమ్మ గోడకి చేరగిలబడి "అమ్మా" అనబోయింది. మాట రాలేదు. "అ... మ్... అ... మ్..." అంటూ పెదవులు కలిసి విడిపోక, ఏడుపు లోపలే సుడి తిరిగి, నేలమీద కూలబడిపోయింది. ఆ ఒక్క మాట బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో ఆవిడకే తెలియదు. చూసిన మనిషి పెదనాన్న ఒక్కడే.

రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ తీసుకుని దుకాణానికి వెళ్ళింది. వెనక గుమ్మంలోంచి కొలతలు చూసుకునే తెర దగ్గరికి వచ్చేసరికి లోపలినుంచి నవ్వులు. ఆ నవ్వుల మధ్య పెదనాన్న గొంతు: "అ... మ్... అ... మ్..." గోడకి చేరగిలబడడం కూడా చేసి చూపిస్తున్నాడు. పోస్టుమాన్ పొట్ట పట్టుకుని, "ఆపవయ్యా బాబూ, చచ్చిపోతాను" అంటున్నాడు.

పెద్దమ్మ క్యారేజీ తెర వెనకే పెట్టేసి తిరిగొచ్చేసింది. ఇంటికి కాదు, మా ఇంటికి.

మా అమ్మ ఆ సంగతి విని ముందు మామూలు మాటే అంది. "పోనీలేవే అక్కా. బావ నోటికి హద్దూ పద్దూ లేదని తెలిసిందే కదా."

"కాలు ఈడిస్తే ఈడ్చాడు. నత్తి కొడితే కొట్టాడు. అవి నావి. అమ్మ చచ్చిపోతే నేనేడ్చిన ఏడుపు కూడా వాళ్ళకి పంచిపెట్టేశాడే!" అంది పెద్దమ్మ. ఒక్క అక్షరం దగ్గరా ఆగలేదు. కళ్ళలో తడి లేదు. నాకు మాత్రం అంత నిదానంగా ఉన్న ఆవిడ ముఖం చూస్తే భయమేసింది.

అమ్మ లోపలికి వెళ్ళింది. "అమ్మ నీకొక్కదానికేనా? నాకూ అమ్మే కదా" అంటూ వచ్చి, తలనొప్పి బామ్ అయిపోయిన ఒక చిన్న రేకు డబ్బా అక్క చేతిలో పెట్టింది. మూతకి బందు ఉన్న డబ్బా. నొక్కితే టక్కున తెరుచుకుంటుంది, వదిలితే టక్కున మూసుకుంటుంది. "ఎన్నిసార్లు మూసినా తెరుచుకునే నోరు. పనికొస్తుందేమో చూడు" అంది.

పెద్దమ్మ ఆ డబ్బాని తెరిచి మూసి, తెరిచి మూసి చూసింది. చాలాకాలం తర్వాత నవ్వింది.

ఆరోజునుంచి ఆవిడ మొగుణ్ణి చూడడం మొదలుపెట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదట. ఆయన జోకు చెప్పబోయే ముందు బట్టతల తుడుచుకుంటాడు. జోకు సగంలో ఉండగానే ప్యాంటు పైకి లాక్కుంటాడు. అది అయిపోకముందే అందరికన్నా ముందు తనే నవ్వుతాడు. మనిషి వరసంతా పట్టేసింది.

బొమ్మ తయారవడానికి వానాకాలం చాలావరకు పట్టింది. పాత టెన్నిస్ బంతి నున్నగా గీకితే తల. అరిగిన బ్రష్ వెంట్రుకలు మీసం. బంతిని కోసి బామ్ డబ్బా ఇరికిస్తే నోరు, అందులో చొక్కా గుండీలు పళ్ళు. పెదనాన్న పై పన్ను పచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడ పచ్చ గుండీ. పొట్టనిండా ఆయన కత్తిరించి పారేసిన పీలికలే. మెడలో తెగిపోయిన టేపు ముక్క. మోచేతులకి గొడుగు ఊచల కీళ్ళు. అన్నిటికన్నా కష్టమైంది దాన్ని ఆడించడం. పెదనాన్న మిషన్ ముందు అద్దానికి వీపు పెట్టి కూర్చుంటాడు, భుజం మీదుగా వెలుతురు పడాలని. ఆయనకీ అద్దానికీ మధ్యలో నడుమెత్తు చెక్క అడ్డం. ఆ చెక్క కింద నుంచి పెడల్‌కి ఒక నల్లదారం కట్టి, ఖాళీ రీళ్ళ మీదుగా తిప్పి బొమ్మ వీపులోకి తెచ్చింది. పెడల్ కిందికి వెళితే చెయ్యి బట్టతల తుడుస్తుంది. పైకి లేస్తే రెండో చెయ్యి ప్యాంటు లాగుతుంది, నోరు టక్కుమని తెరుచుకుంటుంది.

పెదనాన్న బట్టలు కొనడానికి టోకు బజారుకి వెళ్ళిన రోజు చూసి, ఏనుగుకీ ముళ్ళపందికీ మధ్య దాన్ని కూర్చోబెట్టింది. ఆ బొమ్మల్ని ఆయన ఎప్పుడూ పట్టించుకుని చూసింది లేదు.

మర్నాడు పెదనాన్న ఎప్పటిలాగే మిషన్ తొక్కుతూ కబుర్లు మొదలుపెట్టాడు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగారు. నవ్వారు. ఇంకొందరు ఆగారు. వెనక నవ్వు వినపడేకొద్దీ ఆయన హుషారుగా తొక్కాడు. తొక్కేకొద్దీ బొమ్మ తల తుడుచుకుని, ప్యాంటు లాక్కుని, నోరు తెరిచింది. బల్ల మీది ముగ్గురూ బయటికెళ్ళి చూసొచ్చి, పైకి ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు. నవ్వడానికొచ్చిన మనుషులకి ఎవర్ని చూసి నవ్వితేనేం!

సాయంత్రం ఇంటికొచ్చి, "ఏమే, ఈవేళ నా మాటలకి రోడ్డంతా పడీపడీ నవ్వింది. తెలుసా!" అన్నాడు.

"అవునా అండీ?" అంటూ పెద్దమ్మ ఆయన కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది. "రేపు ఇంకా బాగా చెప్పండి."

అలా కొన్నాళ్ళు నడిచింది. ఆ రోజుల్లో అన్నం రుచి తెలిసిందని పెద్దమ్మ తర్వాత నాతో చెప్పింది. కానీ ఆయనకి తెలియకుండా ఆయన్ని చూసి జనం నవ్వితే సరిపోదు కదా. తను తెర వెనక నిలబడి విన్నట్టు ఆయనా చూడాలి. కదలకుండా చూడాలి.

సెలూన్ సరిగ్గా దుకాణానికి ఎదురు. కుర్చీలో కూర్చుంటే ముందున్న అద్దంలో దర్జీ దుకాణం మొత్తం కనిపిస్తుంది. పెదనాన్న గడ్డం గీయించుకోవడానికి వెళ్ళిన ఒక ఉదయం పెద్దమ్మ దుకాణంలోకి వచ్చింది. నేనూ వెంట ఉన్నాను. పోస్టుమాన్, మందుల షాపాయన అప్పటికే బల్ల మీద చేరారు. ఎదురుగా సెలూన్ ఆయన పెదనాన్న మెడచుట్టూ గుడ్డ కట్టి, మొహమంతా నురగ పూసి, కత్తి గొంతు మీద ఆనించేదాకా ఆగింది. ఆగి, మిషన్ ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది.

తర్వాత సెలూన్ ఆయన చెప్పాడు. అద్దంలో ఏదో కదులుతోందని పెదనాన్న కళ్ళు చిట్లించి చూశాడట. పొట్ట, టేపు, పచ్చపన్ను, అన్నీ ఒక్కొక్కటిగా ఆనవాలు పట్టాడట. లేవబోతే సెలూన్ ఆయన, "కదలకు, తెగుద్ది!" అన్నాడు. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ అటే చూస్తూ విరగబడి నవ్వుతున్నారు. కత్తి కింద మనిషి గుటక కూడా మింగలేకపోయాడు. పెద్దమ్మ మాత్రం తొక్కుతూనే ఉంది.

సగం గడ్డంతో, సగం నురగతో ఆయన రోడ్డు దాటి వచ్చాడు. వెనక జనం. ముందు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఎవరే చేసింది?"

"నేనే."

"కట్టుకున్నవాణ్ణి పట్టుకుని నడిబజార్లో నవ్వులపాలు చేస్తావా?"

"సరదాకండీ" అంది పెద్దమ్మ. "దానికే ఉడుక్కోవాలా?"

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది. బల్ల మీదివాళ్ళని ఒకసారి చూసి, ఆయన వైపు తిరిగింది. అంతమంది ముందు ఆవిడ నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"మా అ... మా అమ్... మ..." ఆగింది. ఎవరూ సాయం చేయలేదు, ఎవరూ నవ్వలేదు. ఆవిడ తల దించలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. "మా అమ్మ పోయినరోజు నేనెలా ఏడ్చానో వీళ్ళకి చూపించారట కదా. నేను సరిగ్గా చూడలేదు, తెర అడ్డమొచ్చింది. ఇప్పుడు చెయ్యండి. నా ముందు చెయ్యండి."

పెదనాన్న చెయ్యి బట్టతల మీదికి వెళ్ళి, అక్కడే ఆగింది. పోస్టుమాన్ చెప్పులు వెతుక్కున్నాడు. మందుల షాపాయనకి హఠాత్తుగా షాపు గుర్తొచ్చింది. నురగ ఎండిపోయి చెంపమీద చారలు కట్టేదాకా పెదనాన్న అక్కడే నిలబడ్డాడు.

అంతటితో అయిపోతుందనుకున్నాం. పెద్దమ్మ బొమ్మని తీయలేదు. ఆయన దారం తెంపాడు. ఆవిడ మళ్ళీ కట్టింది. మళ్ళీ తెంపితే ఈసారి గొడుగు తీగ కట్టింది. ఆయన పెడల్ మానేసి చేత్తో చక్రం తిప్పుకుంటూ కుట్టాడు. భుజం పట్టేసింది. మిషన్ తొక్కకపోతే పని లేదు, తొక్కితే తన బొమ్మ తన వెనకే నవ్వుతుంది. జోకులు ఆగిపోయాయి. జోకులు లేని దుకాణానికి బల్ల మీదివాళ్ళూ రావడం తగ్గించారు. మా అమ్మకే జాలేసి, "ఇంక చాల్లేవే" అంది. "నాకు చాలినప్పుడు నేనే చెప్తా" అంది పెద్దమ్మ.

ఒకరోజు ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "అది తప్పేనే. మీ అమ్మ సంగతి. తప్పే."

పెద్దమ్మ గిన్నె తోముతూ, "ఇక్కడ కాదు. ఎక్కడ చేశారో అక్కడ చెప్పండి" అంది.

అందుకు ఆయనకి చాలా రోజులు పట్టింది. ముగ్గుర్నీ తనే పిలిచి కూర్చోబెట్టాడు. సూదిలోకి దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా, ఆ మాట చెప్పాడు. దారం ఎంతకీ ఎక్కలేదు. పెద్దమ్మ విని, చెక్క కిందికి వంగి, పెడల్ నుంచి తీగ విప్పేసింది. బొమ్మని మాత్రం అక్కడే ఉంచింది.

తర్వాత పెదనాన్న మళ్ళీ కబుర్లు మొదలుపెట్టాడు గానీ, వాటిల్లో పెద్దమ్మ ఎప్పుడూ లేదు. ఎవరైనా అడిగినా, "ఆ ఆట మర్చిపోయాను" అనేవాడు. ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉన్నారు, ఒక పొయ్యి మీద వండుకున్న అన్నమే తిన్నారు. "కసి తీరిందా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను. "తీరలేదే. అరిగింది" అంది.

ఈ కథ పాకిపోయి, వీధిలో ఆడవాళ్ళు చాటుగా రావడం మొదలుపెట్టారు. ఒకామెకి ఆడపడుచు బొమ్మ కావాలి, ఇంకొకామెకి ఇంటి యజమాని బొమ్మ. పెద్దమ్మ అందరికీ చెయ్యదు. ముందు జరిగింది మొత్తం చెప్పించుకుంటుంది. చిన్న తగువైతే ముళ్ళపందిని చేతిలో పెట్టి పంపించేస్తుంది.

పోయిన నెల నేను కూడా వెళ్ళాను. మా ఆఫీసులో మేనేజరు అందరి ముందు నన్ను ఎంత మాటన్నాడో ఏకరువు పెట్టాను. ఆవిడ సూది పక్కన పెట్టి అంతా విన్నది. ఒక నిర్ణయానికొచ్చినట్టు డబ్బాలు కిందికి దించింది.

"కోపమొస్తే వాడు ముందు ఏం చేస్తాడు? కాలూపుతాడా, ముక్కు పట్టుకుంటాడా?" అంది.

"సరిగ్గా చూడలేదు పెద్దమ్మా."

"అయితే వెళ్ళి బాగా చూసిరా. తొందరేం లేదు" అంది.