మోచెయ్యి కింద కొత్త కార్డు

విమానాశ్రయం వచ్చిన కొత్తలో నేను శంషాబాద్‌లో ప్లాట్లమ్మే ఆఫీసులో లేఅవుట్ బొమ్మలు గీసేవాణ్ణి. మా కంప్యూటర్లు బాగుచేయడానికి రావిర్యాల నుంచి ఒక అక్క స్కూటీ మీద వచ్చేది. గ్రాఫిక్స్ కార్డు మార్చాల్సి వచ్చినప్పుడల్లా కొత్త కార్డు పెట్టె మీద ఎడమ మోచెయ్యి ఆనించి కూర్చునేది. పాత కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మొత్తం కంప్యూటర్‌లోంచి తీసేసేదాకా ఆ మోచెయ్యి కదిలేది కాదు.

ఒకరోజు మా సారు తొందరపడ్డాడు. "రేపు కస్టమర్లు వస్తున్నరు. కొత్తది పెట్టెయ్యమ్మా, అదే నడుస్తది."

"ఇయ్యాల నడుస్తది సార్, రేపు ఆగుతది. నేను గట్ల పెట్ట."

"ఆఫీసు నాదా, నీదా?"

"ఆఫీసు మీదే. చెయ్యి నాది," అని పెట్టెను ఆయన ముందుకు జరిపి వెళ్లిపోయింది. సారుకు అలా ఎదురు చెప్పినవాళ్లను అక్కడ నేను ఇంకొకరిని చూడలేదు.

కార్డు సారే బిగించాడు. మర్నాడు కొనేవాళ్ల ముందు లేఅవుట్ తెరవగానే ప్లాట్లన్నీ రంగు గీతలుగా చీలిపోయి, తెర నల్లబడింది. ఫోన్ చేస్తే అక్క వచ్చింది. ఒక్క మాట కూడా దెప్పకుండా సారు కుర్చీలో కూర్చుంది.

"ఆ కొత్తది బయటికి తియ్యుండ్రి. ఇగ మొదటిసంది చేద్దాం."

సారు తానే కార్డు ఊడదీసి, పెట్టెలో పెట్టి ఇచ్చాడు. కొనేవాళ్లంతా చూస్తుండగా ఆమె దాని మీద మోచెయ్యి ఆనించింది.